కూఫాక్స్ 1.73, పెడ్రో 1.74: ఈ రెండు ఈఆర్‌ఏలూ ఒకటేనా?

మీ ప్రశ్న ఇది: 1966లో బేస్‌బాల్ పిచర్ (బంతి వేసేవాడు) శాండీ కూఫాక్స్ ఈఆర్‌ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కి ఇచ్చిన పరుగులు, తక్కువైతే మంచిది) 1.73, 2000లో పెడ్రో మార్టినెజ్ ఈఆర్‌ఏ 1.74. కూఫాక్స్ 323 ఇన్నింగ్స్ వేశాడు, పెడ్రో 217 మాత్రమే. అలాంటప్పుడు ఈఆర్‌ఏ ప్లస్ (మైదానాన్నీ లీగ్‌నీ బట్టి సర్దుబాటు చేసిన అంకె, 100 అంటే సగటు, ఎక్కువైతే మంచిది) పట్టికలో పెడ్రోకి 291, కూఫాక్స్‌కి 190 ఎలా వచ్చాయి, వాటిని నమ్మొచ్చా, సొంతంగా లెక్క వేసుకోవడం ఎలా అని అడిగారు. కొలరాడో (ఎత్తు మీద, పలచని గాలిలో ఆడే జట్టు) పిచర్లను ఇదే అంకెతో తూచవచ్చా అని చివర్లో ఇంకో మాట కూడా అడిగారు.

ముందు సూటిగా చెప్తాను. ఆ ఒక్కో సీజన్ వరకూ పెడ్రోదే పైచేయి, అదీ గట్టి తేడాతో. ఎక్కువ ఇన్నింగ్స్ వేసినందుకు కూఫాక్స్‌కి దక్కాల్సింది దక్కించినా పెడ్రోయే ముందుంటాడు. ఈఆర్‌ఏ ప్లస్‌ని ఈ పోలికకు నమ్మొచ్చు. కానీ 291కీ 190కీ మధ్య ఉన్న 101 పాయింట్లను "రెట్టింపుకు దగ్గర" అనో "వంద శాతం మెరుగు" అనో చదవకూడదు. దాని సంగతి కింద చెప్తాను.

అసలు సర్దుబాటు ఎందుకో ముందు చూద్దాం. ఈఆర్‌ఏ అంటే తొమ్మిది ఇన్నింగ్స్‌కి పిచర్ ఇచ్చిన ఎర్న్‌డ్ రన్స్, అంటే ఫీల్డర్ల తప్పుల వల్ల వచ్చినవి తీసేసి అతని ఖాతాలో వేసిన పరుగులు. ఆ అంకె పిచర్ చేతిలోనే ఉండదు. మైదానం ఎంత పెద్దది, గాలి ఎంత పలచన, ఆ ఏడాది స్ట్రైక్ జోన్ (బ్యాటర్ ముందు బంతి చెల్లే చోటు) ఎంత, ఎదుటి జట్ల బ్యాటర్లు ఎలాంటివాళ్లు, అన్నీ అందులో కలిసిపోతాయి. చిన్నస్వామిలో ఓవర్‌కి ఎనిమిది ఇచ్చిన బౌలర్‌నీ, చెపాక్‌లో ఎనిమిది ఇచ్చిన బౌలర్‌నీ మనవాళ్లెవరూ ఒకే గాటన కట్టరు కదా. బేస్‌బాల్‌లో ఈ తేడా ఇంకా ఎక్కువ. బయటి గోడ ఎంత దూరంలో ఉండాలో ఒకే కొలత లేదు, ఏ నగరం గోడ ఆ నగరానిదే.

అమెరికా బేస్‌బాల్ పైస్థాయిలో నేషనల్, అమెరికన్ అని రెండు లీగులున్నాయి. 1966 నేషనల్ లీగ్ సగటు ఈఆర్‌ఏ 3.61. 2000 అమెరికన్ లీగ్ సగటు 4.91. తొమ్మిది ఇన్నింగ్స్‌కి 1.3 పరుగుల తేడా ఇక్కడే ఉంది. 1963లో స్ట్రైక్ జోన్‌ని భుజం దాకా పెంచారు, పిచర్ నిలబడే దిబ్బ 15 అంగుళాల ఎత్తు ఉండేది. దాని ఫలితం 1968లో పరాకాష్ఠకు చేరింది. బాబ్ గిబ్సన్ 1.12 ఈఆర్‌ఏతో ముగించాడు, అమెరికన్ లీగ్‌లో కార్ల్ యస్‌ట్రెమ్‌స్కీ .301 సగటుతోనే (పదిసార్లకు మూడు హిట్లు) బ్యాటింగ్ టైటిల్ గెలిచాడు. దాంతో 1969లో దిబ్బని 10 అంగుళాలకు దించి, జోన్‌ని కుదించారు. 2000 నాటికి పరిస్థితి పూర్తిగా తిరగబడింది: హోమ్ రన్‌ల (గోడ దాటే షాట్ల) వరద, పైగా అమెరికన్ లీగ్‌లో పిచర్ బదులు బ్యాటింగ్‌కి దిగే డెసిగ్నేటెడ్ హిట్టర్. ఒక్క ముక్కలో తేల్చాలంటే ఇది చాలు: 1966 నేషనల్ లీగ్‌లో కూఫాక్స్ తర్వాతి స్థానం మైక్ క్వేయార్‌ది, 2.22. 2000 అమెరికన్ లీగ్‌లో పెడ్రో తర్వాత రోజర్ క్లెమెన్స్, 3.70. మొదటివాడికీ రెండోవాడికీ ఒకచోట అర పరుగు, ఇంకోచోట దాదాపు రెండు పరుగులు.

ఇక లెక్క. సూత్రం చిన్నదే:

ఈఆర్‌ఏ ప్లస్ = 100 × (లీగ్ ఈఆర్‌ఏ × పార్క్ ఫ్యాక్టర్) ÷ పిచర్ ఈఆర్‌ఏ

మొదట పిచర్ ఈఆర్‌ఏని మీరే తిరిగి కట్టండి. కూఫాక్స్ 62 ఎర్న్‌డ్ రన్స్, 323 ఇన్నింగ్స్: 62 × 9 ÷ 323 = 1.728. పెడ్రో 42 రన్స్, 217 ఇన్నింగ్స్: 1.742. ఇక్కడ చాలామంది జారిపడే చోటు ఒకటుంది. ఇన్నింగ్స్ గడిలో 304.2 అని ఉంటే అది 304 ఇన్నింగ్స్, ఇంకో రెండు అవుట్‌లు (మూడు అవుట్‌లకు ఒక ఇన్నింగ్), అంటే 304.667. స్ప్రెడ్‌షీట్‌లో ఉన్నదున్నట్టు 304.2 అని పెడితే ఏళ్ల మొత్తం తీసేటప్పుడు లెక్క తప్పుతుంది. దశాంశం తర్వాత 1 ఉంటే 0.333గా, 2 ఉంటే 0.667గా ముందే మార్చుకోండి.

తర్వాత ఆ ఏడాది, ఆ లీగ్ ఈఆర్‌ఏ. రెండు లీగులూ కలిపిన సగటు తీసుకోవద్దు. డెసిగ్నేటెడ్ హిట్టర్ నిబంధన 1973లో అమెరికన్ లీగ్‌లో వచ్చింది. నేషనల్ లీగ్‌కి శాశ్వతంగా వచ్చింది 2022లోనే. మధ్యలోని ఆ యాభై ఏళ్లలో రెండు లీగుల సగటు ఒకటి కాదు. ఇక్కడే ఇంకో పొరపాటు కూడా జరుగుతుంది: "పెడ్రోకి ఎదురుగా పిచర్లు బ్యాటింగ్‌కి రాలేదు కాబట్టి అతనికి ఇంకాస్త కలపాలి" అంటారు. కలపకూడదు. అమెరికన్ లీగ్‌లో మిగతా పిచర్లందరూ అదే బ్యాటింగ్ వరసకు బంతి వేశారు, ఆ భారం 4.91లోనే ఉంది. మళ్లీ కలిపితే ఒకే సంగతిని రెండుసార్లు లెక్కించినట్టే.

మూడోది పార్క్ ఫ్యాక్టర్. తప్పులు ఎక్కువగా దొర్లేది ఇక్కడే, కాబట్టి కొంచెం నిదానంగా చూద్దాం.

ఒక జట్టు సొంత మైదానంలో ఆడిన ఆటల్లో రెండు జట్లూ కలిసి చేసిన పరుగులు తీసుకుని ఆటల సంఖ్యతో భాగించండి. బయటి మైదానాల్లో అదే జట్టు ఆటలకూ అలాగే చేయండి. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే ముడి ఫ్యాక్టర్ వస్తుంది. ఒక జట్టు 81 సొంత ఆటల్లో మొత్తం 900 పరుగులు, 81 బయటి ఆటల్లో 750 పరుగులు పడ్డాయనుకోండి. 900 ÷ 750 = 1.20. రెండు జట్ల పరుగులూ ఎందుకు కలపాలంటే, ఆ జట్టు బ్యాటింగ్ గొప్పదైనా పిచింగ్ నాసిరకమైనా ఆ గుణం ఇంటా బయటా రెండుచోట్లా ఉంటుంది కాబట్టి భాగహారంలో కొట్టుకుపోతుంది. మిగిలేది మైదానం ప్రభావం.

కానీ పిచర్ సగం ఆటలే అక్కడ ఆడతాడు. కాబట్టి 1.20కి 1 కలిపి రెండుతో భాగించాలి, 1.10 వస్తుంది. సూత్రంలో పెట్టాల్సింది ఈ సగం చేసిన అంకె. మీరు తీసుకున్న అంకెను ఇప్పటికే సగం చేశారో లేదో చూసుకోండి. ఫ్యాన్‌గ్రాఫ్స్ అనే గణాంకాల సైట్‌లో ఇచ్చేది సగం చేసినదే. ఇంకో సైట్ బేస్‌బాల్ సావంత్‌లో ఇచ్చేది ఆ మైదానం పూర్తి ప్రభావం, సగం చేయనిది. ఒకదాన్ని ఇంకోదానిలా వాడితే కొలరాడో లాంటి చోట ఈఆర్‌ఏ ప్లస్ పది పాయింట్లకు పైగా తప్పుతుంది. ఏదైనా ఫోరమ్‌లో ఇద్దరు ఒకే పిచర్‌కి వేర్వేరు అంకెలు చెప్పి కొట్టుకుంటుంటే ముందు అనుమానించాల్సింది దీన్నే.

ఒక్క ఏడాది ఫ్యాక్టర్‌ని నమ్మొద్దు. 81 ఆటలంటే గాలివాటం, వాతావరణం, అదృష్టం చేతిలో ఊగిపోయే సంఖ్య. మూడు నుంచి ఐదేళ్ల సగటు తీసుకుని దాన్ని కూడా కాస్త 1 వైపు లాగడం మంచి పద్ధతి. అయితే గోడ జరిపిన ఏడాదికి ముందూ వెనకా కలపకూడదు. శాన్ డియేగోలో పెట్కో పార్క్ 2004లో తెరిచారు, 2013లో కంచె ముందుకు జరిపారు. బాల్టిమోర్‌లో 2022లో ఎడమ గోడ దాదాపు 30 అడుగులు వెనక్కి వెళ్లింది. పేరు అదే అయినా లెక్కకి అది వేరే మైదానం.

ఇప్పుడు మన ఇద్దరికీ పెడదాం. 1966లో కూఫాక్స్ జట్టు లాస్ ఏంజెలెస్ సొంత మైదానం డాడ్జర్ స్టేడియం సగం చేసిన ఫ్యాక్టర్ సుమారు 0.91, అంటే పిచర్ల స్వర్గం. 2000లో పెడ్రో జట్టు బోస్టన్ సొంత మైదానం ఫెన్‌వే పార్క్ సుమారు 1.03, బ్యాటర్ల వైపు కొద్దిగా మొగ్గు.

కూఫాక్స్: 3.61 × 0.91 = 3.29. దాన్ని 1.73తో భాగిస్తే 190.
పెడ్రో: 4.91 × 1.03 = 5.06. దాన్ని 1.74తో భాగిస్తే 290, 291 దగ్గర. చివరి అంకె మీరు దశాంశాలు ఎక్కడ కత్తిరించారన్న దాన్నిబట్టి మారుతుంది, దాని గురించి వాదించుకోవడం అనవసరం.

ఇక ఆ అంకెను చదవడం. 190 అంటే "సగటు కన్నా 90 శాతం మెరుగు" అని రాసేస్తుంటారు. సూత్రంలో పిచర్ ఈఆర్‌ఏ హారంలో ఉంది కాబట్టి అలా చదవకూడదు. తిరగేసి చదవండి. 100 ÷ 1.90 = 53. అదే మైదానంలో, అదే లీగ్‌లో సగటు పిచర్ 100 పరుగులు ఇచ్చే చోట కూఫాక్స్ 53 ఇచ్చాడు. పెడ్రో 34 ఇచ్చాడు. ఫ్యాన్‌గ్రాఫ్స్‌లో ఈఆర్‌ఏ మైనస్ పేరుతో ఉన్నది దాదాపు ఇదే (వాళ్ల సర్దుబాటు పద్ధతి కొంచెం వేరు కాబట్టి ఒకటి రెండు పాయింట్లు అటూ ఇటూ అవుతుంది). పోల్చడానికి నాకు ఈ తిరగేసిన అంకే ఇష్టం. 101 పాయింట్ల తేడా అంటే ఏమీ అర్థం కాదు. వంద పరుగులకు 19 పరుగుల తేడా అంటే అర్థమవుతుంది.

ఇదే కారణంతో ఈఆర్‌ఏ ప్లస్‌లను నేరుగా సగటు చేయకండి. ఒక పిచర్ 200 ఇన్నింగ్స్ చొప్పున రెండేళ్లు ఆడి ఒక ఏడాది 200, ఇంకో ఏడాది 100 తెచ్చుకున్నాడనుకుందాం. సగటు 150 అనిపిస్తుంది. లీగ్ సగటు రెండేళ్లూ 4.00 అయితే అతని ఈఆర్‌ఏలు 2.00, 4.00. కలిపితే 3.00. నిజమైన ఈఆర్‌ఏ ప్లస్ 133. కెరీర్ అంకె కావాలంటే ఏ ఏడాదికి ఆ ఏడాది, ఆ మైదానంలో సగటు పిచర్ ఎన్ని పరుగులు ఇచ్చేవాడో కట్టి అవన్నీ కూడండి. అసలు ఇచ్చిన పరుగులూ కూడండి. అప్పుడు భాగించండి.

సీజన్ మధ్యలో జట్టు మారినవాళ్లకూ అదే మందు. 2008లో సీసీ సబాతియా క్లీవ్‌ల్యాండ్‌కి 3.83, తర్వాత మిల్వాకీకి 1.65, మొత్తం 253 ఇన్నింగ్స్‌కి 2.70. మొదటిది అమెరికన్ లీగ్, రెండోది పిచర్లు బ్యాటింగ్ చేసే నాటి నేషనల్ లీగ్. 2.70ని తీసుకుని ఏదో ఒక లీగ్ సగటుతో భాగిస్తే వచ్చేది చెత్త. రెండు ముక్కలుగా చేసి చివర్లో పరుగులు కలపాలి.

ఇన్నింగ్స్ సంగతికి వద్దాం, మీ ప్రశ్నలో అసలు బలం అక్కడే ఉంది. ఈఆర్‌ఏ ప్లస్ ఒక రేటు. ఎంత పని చేశాడో దానికి పట్టదు. 2020లో 60 ఆటల సీజన్‌లో షేన్ బీబర్ 12 స్టార్ట్‌లు (మొదటి బంతి నుంచి వేసిన ఆటలు) వేసి 1.63 తెచ్చుకున్నాడు. ఆ అంకె ఎంత మెరిసినా పూర్తి సీజన్ పక్కన పెట్టలేం. కాబట్టి రేటుని పరుగులుగా మార్చండి: (సర్దుబాటు చేసిన లీగ్ ఈఆర్‌ఏ − పిచర్ ఈఆర్‌ఏ) × ఇన్నింగ్స్ ÷ 9.

కూఫాక్స్: (3.29 − 1.73) × 323 ÷ 9 = 56 పరుగులు.
పెడ్రో: (5.06 − 1.74) × 217 ÷ 9 = 80 పరుగులు.

సగటు పిచర్‌తో పోలిస్తే పెడ్రో 80 పరుగులు మిగిల్చాడు, అదీ 106 ఇన్నింగ్స్ తక్కువ వేసి. అయితే ఈ 24 పరుగుల తేడాని అలాగే మింగేయకూడదు. పరుగులు తక్కువ పడే రోజుల్లో ఒక్కో పరుగు విలువ ఎక్కువ. ఒక గెలుపు కొనడానికి మామూలుగా పది పరుగులు అంటారు. 1966లో అంతకన్నా తక్కువ చాలు, 2000 అమెరికన్ లీగ్‌లో అంతకన్నా ఎక్కువ కావాలి. 9, 10.5 అనుకుని భాగించినా 6.2 గెలుపులు ఒకవైపు, 7.6 ఇంకోవైపు. తేడా తగ్గింది, పోలేదు.

ఇంకోటి. సగటుతో కాకుండా, బెంచి మీద నుంచి తెచ్చే రీప్లేస్‌మెంట్ పిచర్‌తో పోలిస్తే కూఫాక్స్ ఇంకా దగ్గరికి వస్తాడు. ఆ అదనపు 106 ఇన్నింగ్స్ బోస్టన్‌లో ఎవరో ఒకరు వేయాల్సిందేగా, వాళ్లు సగటు పిచర్లు అయి ఉండాలని లేదు. 41 స్టార్ట్‌లు, 27 కంప్లీట్ గేమ్‌లు అంటే నాలుగు రోజులకోసారి వచ్చి ఆట ముగించి వెళ్లే మనిషి. జట్టుకి ఆ నిశ్చింత చిన్నది కాదు. నలుగురు స్టార్టర్ల రొటేషన్ (వంతులు) నడిచిన కాలమది అన్నదీ గుర్తుంచుకోవాలి. పెడ్రో కాలంలో ఐదుగురు.

ఇప్పుడు ఈ సర్దుబాట్లు ఏం సరిచేయలేవో చెప్పాలి.

పార్క్ ఫ్యాక్టర్ సగటు పిచర్‌కి. మీ పిచర్ ఆ సగటు కాకపోవచ్చు. ఫెన్‌వే ఎడమవైపు 37 అడుగుల గోడ డబుల్స్‌ని (రెండు బేస్‌ల హిట్లని) పెంచుతుంది, నేరుగా దూసుకెళ్లే కొన్ని హోమ్ రన్‌లని ఆపుతుంది. బ్యాటర్లను స్ట్రైకౌట్ చేసి (బంతి ఆటలోకి వెళ్లకుండానే అవుట్ చేసి) పంపే పిచర్‌కి ఆ గోడతో పనే తక్కువ. న్యూయార్క్ యాంకీ స్టేడియం కుడి మూల 314 అడుగులే, ఎడమచేతి బ్యాటర్లకు పండగ. అక్కడ కుడిచేతి పిచర్‌కీ ఎడమచేతి పిచర్‌కీ ఒకే ఫ్యాక్టర్ వేయడం సర్దుబాటు పేరుతో కళ్లు మూసుకోవడమే. కూఫాక్స్ విషయమే చూడండి: 1964లో సొంత మైదానంలో 0.85, బయట 2.93. ఏ మైదానమూ ఈఆర్‌ఏని మూడో వంతుకు దించదు. అందులో మైదానం వాటా కొంత, అతని బంతికి ఆ మైదానం ప్రత్యేకంగా నప్పడం కొంత, ఒక్క సీజన్ ఎగుడుదిగుళ్లు కొంత. ఫ్యాక్టర్ మొదటి వాటాని మాత్రమే తీసేస్తుంది. అంతకుముందు 1958 నుంచి 1961 దాకా లాస్ ఏంజెలెస్ కొలీసియంలో ఎడమ మూల సుమారు 250 అడుగులే ఉండేది, కూఫాక్స్ అక్కడ ఆడినంతకాలం తంటాలు పడ్డాడు. 1962లో కొత్త స్టేడియంకి మారాక వరసగా ఐదేళ్లు లీగ్‌లో అతనిదే అత్యుత్తమ ఈఆర్‌ఏ. అతను మారాడు, మైదానమూ మారింది. రెంటినీ విడదీసే అంకె లేదు.

లీగ్ సర్దుబాటు ఆటగాళ్ల స్థాయిని సరిచేయదు. 1880లో టిమ్ కీఫ్ 0.86 ఈఆర్‌ఏతో 293 తెచ్చుకున్నాడు, పెడ్రో కన్నా పైన. వేసింది 105 ఇన్నింగ్స్. అప్పటికి పిచర్ నిలబడే దూరం 45 అడుగులు, ఇప్పుడున్న 60 అడుగుల 6 అంగుళాలు 1893లో వచ్చింది. నల్లజాతి ఆటగాళ్లను దూరం పెట్టిన దశాబ్దాల లీగ్ సగటు కూడా అలాంటిదే: ఆ సగటులో ఆడనివ్వనివాళ్లు లేరు. అందుకే ఆ అడ్డు తొలగిన 1947కి ముందూ తర్వాతా అంకెల్ని పక్కపక్కన పెట్టేటప్పుడు నేను పది ఇరవై పాయింట్ల తేడాని పట్టించుకోను.

రిలీవర్లని (ఆట మధ్యలో దిగే పిచర్లని) స్టార్టర్లతో కలపొద్దు. మరియానో రివెరా కెరీర్ ఈఆర్‌ఏ ప్లస్ 205, పెడ్రోది 154. ఒక్క ఇన్నింగ్‌కి వచ్చి ఉన్న శక్తంతా పెట్టేవాడికీ, అదే బ్యాటర్లని మూడుసార్లు ఎదుర్కొనేవాడికీ ఈఆర్‌ఏ ఒకేలా పనిచేయదు. పైగా రిలీవర్ వచ్చేసరికి బేస్‌ల మీద ఉన్న రన్నర్లు స్కోర్ చేస్తే ఆ పరుగు వెళ్లిపోయిన పిచర్ ఖాతాలో పడుతుంది.

చివరిది ఫీల్డింగ్. పార్క్, లీగ్ రెండూ సరిచేశాక కూడా ఈఆర్‌ఏలో వెనకున్న ఏడుగురు ఫీల్డర్లు, అదృష్టం మిగిలే ఉంటాయి. ఫిప్ (ఎఫ్‌ఐపీ, ఫీల్డింగ్‌తో సంబంధం లేని కొలత) వాటిని పక్కన పెట్టి స్ట్రైకౌట్లు, వాక్‌లు (నాలుగు చెడు బంతులకి ఉచితంగా ఇచ్చే బేస్), శరీరానికి తగిలిన బంతులు, హోమ్ రన్‌లు మాత్రమే చూస్తుంది: (13 × హోమ్ రన్‌లు + 3 × (వాక్‌లు + తగిలినవి) − 2 × స్ట్రైకౌట్లు) ÷ ఇన్నింగ్స్, దానికి ఆ ఏడాది స్థిరాంకం కలపాలి, అది 3.1 దరిదాపుల్లో ఉంటుంది. పెడ్రోకే వేసి చూడండి. 1999లో ఈఆర్‌ఏ 2.07, ఫిప్ 1.39. 2000లో ఈఆర్‌ఏ 1.74, ఫిప్ 2.17. ఇచ్చిన పరుగుల్లో 2000 గొప్ప, పిచర్ సొంత పనిలో 1999 గొప్ప. వార్ (రీప్లేస్‌మెంట్ ఆటగాడి కన్నా ఎన్ని గెలుపులు ఎక్కువ తెచ్చాడన్న కొలత) విషయంలో బేస్‌బాల్ రిఫరెన్స్ సైట్ 2000ని పైన పెట్టడానికీ, ఫ్యాన్‌గ్రాఫ్స్ 1999ని పైన పెట్టడానికీ కారణం ఇదే.

కొలరాడో సంగతి కూడా ఇక్కడికే వస్తుంది. కొలరాడో జట్టు రాకీస్ సొంత మైదానం కూర్స్ ఫీల్డ్ సముద్రమట్టానికి సుమారు 5,200 అడుగుల ఎత్తున ఉంది. పలచని గాలిలో బంతి దూరం పోతుంది, అంతకన్నా పిచర్‌కి బాధ కలిగించేది కర్వ్ బాల్ తిరగకపోవడం. హోమ్ రన్‌లు తగ్గిద్దామని గోడలు దూరంగా కట్టారు, దాంతో ఫీల్డర్ల మధ్య ఖాళీలు పెరిగి సింగిల్స్, ట్రిపుల్స్ పెరిగాయి. 2002 నుంచి బంతుల్ని తేమ గదిలో ఉంచడంతో కొంత నయమైంది. ఇలాంటి చోట 2010లో ఉబాల్డో హిమెనెజ్ 2.88, 2018లో కైల్ ఫ్రీలాండ్ 2.85 తెచ్చుకున్నారు. ఇద్దరి ఈఆర్‌ఏ ప్లస్ 160 చుట్టుపక్కలే. జరిగిపోయిన సీజన్‌కి విలువ కట్టేటప్పుడు ఆ అంకెను నమ్మండి, ఇంకా చెప్పాలంటే ముడి ఈఆర్‌ఏని అస్సలు చూడకండి. ఒక్క అనుమానం మాత్రం మిగులుతుంది: రాకీస్ బ్యాటర్లు బయటికి వెళ్తే తిరిగే బంతులకి అలవాటు తప్పి మరీ తేలిపోతారని, అందువల్ల ఇంటా బయటా నిష్పత్తి ఉన్నదానికన్నా పెద్దగా కనిపిస్తుందని ఒక వాదన ఉంది. నేను ఒకటి రెండు పాయింట్లు తగ్గించి చూస్తాను.

వచ్చే ఏడాది ఎలా వేస్తాడన్నది మాత్రం ఈఆర్‌ఏ ప్లస్‌ని అడగకండి. 2018లో ఫ్రీలాండ్ ఫిప్ 3.67, ఈఆర్‌ఏ కన్నా 0.8 ఎక్కువ. 2019లో అతని ఈఆర్‌ఏ 6.73. ఫిప్ అంత పతనాన్ని ముందే చెప్పలేదు, కానీ 2.85 మళ్లీ రాదని చెప్పింది. మీ జట్టులోకి కొలరాడో పిచర్‌ని తీసుకునే ముందు మూడేళ్ల స్ట్రైకౌట్, వాక్ శాతాలు చూడండి, బయటి మైదానాల్లో వేసిన ఇన్నింగ్స్ విడిగా చూడండి. ఆ రెండూ బాగుంటేనే ఈఆర్‌ఏ ప్లస్ వైపు వెళ్లండి.